కంప్యూటర్‌కు మొలక కట్టిన మద్దిలేటి

మద్దిలేటి ఈ లోకంలో దేన్నీ మొలక కట్టి చూడకుండా నమ్మడు. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనం పండించే రైతులు విత్తే ముందు గుప్పెడు గింజలు తడిబట్టలో చుట్టిపెట్టి ఎన్ని మొలిచాయో చూసుకుంటారు. మొలక కట్టడమంటే అదే, అందరూ చేసేదే. మద్దిలేటి గింజలతో ఆగలేదు. చెప్పులైనా, గొడుగైనా, మందుబిళ్ల అయినా ముందు తను కొంచెం వాడి, వారం ఆగి, అప్పుడు గానీ "ఇంక ఇత్తొచ్చు" అనేవాడు కాదు.

బజారులో కొత్త సెలూన్ పెడితే పోయి మీసం ఒక పక్కే కత్తిరించమన్నాడు. అది కుదిరిందో లేదో చూసి రెండో పక్క సంగతి ఆలోచిద్దామని అద్దం ముందు కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. అతను చాయ్ చప్పరిస్తుండగానే సెలూన్ ఆసామి పెళ్లికొడుక్కి గడ్డం గీయాలని పిలుపొచ్చి వెళ్లిపోయాడు. ఆ పూటంతా మద్దిలేటి ఊళ్లో కురచ మీసం ఒక వైపు, బారు మీసం ఒక వైపు వేసుకుని తిరిగాడు. నవ్వినవాళ్లతో, మొలక బాగానే వచ్చిందనీ, ఇంకా సగం చేను మిగిలిందనీ చెప్పాడు.

పెళ్లిచూపులకు మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఉప్మా తిని ఏమీ చెప్పకుండా పోయాడని భార్య బాలనాగమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కోడలు శ్రీవాణి కాపురానికొచ్చిన మొదటి రోజు చింతకాయ పులుసు పెడితే, ఎవరినీ ముట్టనివ్వకుండా తనొక్కడే రెండు ముద్దలు తిని అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాతే అందరికీ వడ్డించమన్నాడు. తన చేతి వంట మీద, తన మీద ఈ మామకు నమ్మకం లేదని శ్రీవాణి ఆరోజే అనుకుంది. ఆ మాట మనసులో అలాగే ఉండిపోయింది.

శ్రీవాణి పెళ్లికి ముందు వనపర్తిలో ఒక ప్రెస్సులో తెలుగు టైపింగ్ చేసేది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే శుభలేఖలు ఇక్కడే కొట్టి పంపిస్తానని భర్త శివశంకర్ వెంటపడి, ఏడాది బతిమాలి కొనిపించుకుంది. శివశంకర్ కొన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఆమె చేతిలో అది పాడైతే మర్నాడే అమ్మేస్తానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఆ కంప్యూటర్ పోతే తన పనీ, తన పేరుతో వచ్చే శుభలేఖల కట్టలూ పోతాయని శ్రీవాణికి తెలుసు.

అది రెండువేల ఏడో సంవత్సరం. ఇంటికి నెట్టు వచ్చింది. ఎవరి కంప్యూటర్లో ఉన్న పాట వాళ్లు ఊరందరికీ పంచే ప్రోగ్రాం ఒకటుందని శివశంకరే తండ్రికి చూపించాడు. మద్దిలేటికి నిద్ర పట్టలేదు. ఆ పాట ఇచ్చేవాడు ఎవడు, వాడిది ఏ ఊరు అని అడిగాడు. ఒకడు కాదు, పదిమంది దగ్గర్నుంచి తలా ముక్కా వచ్చి ఒక పాట అవుతుందని కొడుకు చెప్పాడు.

"అంటే పది కళ్లాల గింజలు ఒక్క సంచిల పోసినట్లే గద. ఏ కళ్లం గింజ పుచ్చిందో ఎట్ల తెలుస్తది?"

శివశంకర్ తండ్రిని వెంటబెట్టుకుని బజారుకు పోయాడు. కంప్యూటర్లు బాగుచేసే ముజీబ్‌ను అడిగితే, డౌన్‌లోడ్ల వెంట వైరస్ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు అనే మాట వింటే మద్దిలేటికి పండగే. ముజీబ్ పారేయబోతున్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి పెరట్లో మేకల కొట్టంలో పెట్టాడు. విత్తనపు చేనుకు పక్క చేని పుప్పొడి తగలకుండా ఎడం వదలాలి కదా, అలాగే ఇంటి కంప్యూటర్‌కు దీని గాలి సోకకూడదన్నాడు.

"కాకా, గది గాలికి రాదు" అన్నాడు ముజీబ్.

"రాదని ఎట్ల చెప్తవు? మొలక కట్టినవా?"

ఇంట్లో దించిన పాటను తెరవకుండా, మూట విప్పకుండా, సీడీలో ఎక్కించి కొట్టానికి మోసుకుపోయేవాడు. అక్కడ వారం రోజులు మేకలకు వినిపించేవాడు. అటు పోయిన సీడీ మళ్లీ ఇంట్లోకి రాకూడదు. దాన్ని జొన్నచేనులో పిట్టలను బెదిరించడానికి కట్టేవాడు. మొదట ఎన్ని పాటలు పెట్టినా ఏమీ కాలేదు. కంప్యూటర్ బాగుంది, మేకలు కూడా బాగున్నాయని ఇంటికొచ్చి చెప్పాడు. ఒకరోజు మాత్రం ఒక పాట మీద నొక్కగానే పాట రాలేదు, తెర నల్లబడింది. మద్దిలేటి సంతోషం పట్టలేక కోడల్ని కేకేశాడు.

ముజీబ్ వచ్చి దాన్ని బతికించాక మామా కోడళ్లిద్దరూ ఆ కొట్టంలోనే కూర్చుని చూశారు. నిజం పాటలన్నీ సైజులో బరువుగా ఉన్నాయి. కంప్యూటర్‌ను చంపిన పాట లోపల పప్పు లేని తాలుగింజలా తేలిక. పేరు పాటదే గానీ, పేరు చివరి తోక వేరే. పాట కాదది, పాట వేషం కట్టిన ప్రోగ్రాం అన్నాడు ముజీబ్. సంచి మీద మంచి పేరు కొట్టి నకిలీ విత్తనం అమ్మేవాళ్లు ఇందులో కూడా ఉన్నారా అని మద్దిలేటి ఆశ్చర్యపోయాడు. శ్రీవాణికి కూడా ఆరోజు అదంతా భలే తమాషాగా అనిపించింది.

ఆ తమాషా ఎన్నాళ్లో నిలవలేదు. వనపర్తి నుంచి ఒక పెళ్లివారు శుభలేఖకు పూలతీగల అక్షరాల ఫాంటు కావాలన్నారు, అదీ రేపటికే. పాటలు పంచుకునే ప్రోగ్రాంలోనే ఆ అక్షరాలు దొరికాయి. మామను అడిగితే వారం అంటాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా శ్రీవాణి దించి, తెరిచేసింది. తెరిచాక చూసుకుంది, తాలుగింజంత తేలిక, పేరు చివర అదే తోక. అప్పటికే కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్లన్నీ కవలలను కన్నాయి. ఏది నొక్కినా మిషన్ ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది.

సాయంత్రం ముజీబ్ వచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. చుట్టూ అత్త, భర్త, మామ. కాసేపటికి తలెత్తి, పాత శుభలేఖలన్నీ దక్కుతాయి, మిషన్ కూడా బాగవుతుంది, కానీ ఎవరో డౌన్‌లోడ్ చేసి తెరిచారు, ఎవరని అడిగాడు. శివశంకర్ భార్య వైపు తిరిగాడు. శ్రీవాణి తల దించుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది.

"నేనే తెరిసిన" అన్నాడు మద్దిలేటి.

ఇల్లంతా అతని వైపు చూసింది.

"మొలక కట్టకుండనా?" అంది బాలనాగమ్మ.

"కట్టకుండనే. జర తొందరపడ్డ."

శివశంకర్‌కు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. అది ఆగలేదు. బాలనాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఉప్మా మూడుసార్లు తిన్న మనిషి, కంప్యూటర్ దగ్గర ఆగలేకపోయాడా అంది. ఆ నవ్వుల్లో అమ్మకం మాట ఎవరికీ గుర్తు రాలేదు.

శ్రీవాణి కొట్టంలోకి పోయింది. మామ మేకలకు ఆకు వేస్తున్నాడు.

"అబద్ధం ఎందుకు చెప్పినవు మామా?"

"మొలక ఎందుకు కడ్తం బిడ్డా? పోతే ఆ గుప్పెడు గింజలే పోవాలె, చేను నిలవాలె. నా పేరు గుప్పెడే. నీది చేను."

చింతకాయ పులుసు రోజున ఆ రెండు ముద్దలు అతనెందుకు తిన్నాడో శ్రీవాణికి అప్పుడర్థమైంది. ఏదైనా చెడిపోయి ఉంటే అది ముందు తనకే తగలాలని ఈ మనిషి ఇన్నాళ్లూ అందరికన్నా ముందు నోరు పెడుతున్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, నవ్వే గెలిచింది.

కథ వారంలో గద్వాల దాటి వనపర్తికి చేరింది. చేరేసరికి మద్దిలేటి కంప్యూటర్‌లో నీళ్లు పోశాడని, గింజలు కూడా చల్లాడని పెరిగింది. ఎవరు ఏది అడిగినా అవునప్పా, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. ఒకసారి విత్తనాల దుకాణంలో నలుగురు చేరి ఆటపట్టిస్తుంటే, మామ వెంట వచ్చిన శ్రీవాణికి మనసొప్పలేదు. అది మామ కాదు, నేనని చెప్పబోయింది. మద్దిలేటి ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"ఊకో బిడ్డా. అబద్ధం మంచిగ మొలిచింది, ఇప్పుడు పీకొద్దు."