పదహారు శాలువాలు, ఒక హాస్టల్ ఫీజు

మెదక్‌లో పొద్దున్నే గ్రౌండ్‌కు నడవడానికి వచ్చే బృందం ఒకటుంది. పోస్టాఫీసులో రిటైరైన నాతో కలిపి పదహారు మందిమి. ఎరువుల దుకాణం నడిపే పెద్దమనిషి మా అధ్యక్షుడు. నడక పేరుకే. రెండు రౌండ్లు నడిచి, నాలుగు రౌండ్లకు సరిపడా మాట్లాడి, షుగర్ కాస్త తగ్గిందన్న సంతోషంలో హోటల్‌కు పోయి చాయ్‌లో చక్కెర ఎక్కువ వేయించుకుంటాం.

మేం ఒక రౌండు పూర్తి చేసేలోగా ఒక ఆడపిల్ల మమ్మల్ని నాలుగుసార్లు దాటిపోయేది. దాటినప్పుడల్లా "సార్, జర సైడ్" అనేది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో రాష్ట్రంలోనే రెండో స్థానం తెచ్చుకుంది. తండ్రి లేడు. తల్లి కుల్చారం నుంచి వచ్చి, ఒక్క గది కిరాయికి తీసుకుని, టిఫిన్ సెంటర్‌లో గిన్నెలు తోముతుంది. ఒకరోజు ఆ పిల్ల పరుగెత్తకుండా మెట్ల మీద కూర్చుని ఉంటే ఏమైందని అడిగాం. ఇంటర్ అయిపోయింది, సంగారెడ్డిలో డిగ్రీ సీటొచ్చింది, అక్కడ మంచి కోచ్ కూడా ఉన్నాడు. కానీ శనివారంలోగా కాలేజీకి, హాస్టల్‌కు కలిపి పన్నెండు వేలు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

మనిషికి ఏడు వందల యాభై వేసుకుంటే అక్కడికక్కడే అయిపోయే పని. కానీ పెద్దమనుషులం కదా, ముందు మీటింగ్ పెట్టుకున్నాం.

"గట్ల చేతుల పెడితే ఎవలకు తెలుస్తది?" అన్నాడు అధ్యక్షుడు. "ముందుగాల పిల్లకు మస్తు సన్మానం చేద్దాం. స్టేజీ మీద సూస్తే ఊరోళ్ళే జేబుల చెయ్యి పెడ్తరు."

అందరం తలలూపాం. నేనైతే రెండుసార్లు ఊపాను, ఎందుకంటే మైకు నా చేతికే వస్తుందని తెలుసు.

ఫ్లెక్సీ కొట్టించాం. ఏడుపాయల జాతరకు స్వాగతం చెబుతూ దిగిన ఫొటోలే ఉండటంతో పదహారు మందిమీ నుదుట బొట్లతో, చేతులు జోడించి నిలబడ్డాం. ఆ పిల్లకు కింద మూలన ఇంత జాగా దొరికింది. అదీ పాస్‌పోర్టు ఫొటో.

గురువారం సాయంత్రం సన్మానం. మా దగ్గర ఏ సన్మానానికైనా ఒట్టి చేతులతో పోకూడదు, శాలువా తప్పనిసరి. అధ్యక్షుడు తనది కప్పుతూ "పన్నెండు వందల శాలువా" అని నా చెవిలో చెప్పాడు. నేను మైకులో చెప్పాను. ఇక ఎవరాగుతారు? వెయ్యి అని ఒకరు, తొమ్మిది వందలని ఇంకొకరు, ఏడు వందలకు తక్కువ ఒక్కరూ చెప్పలేదు. చివరికి నా వంతు వచ్చింది. నా రిటైర్మెంటుకు ఎవరో కప్పింది బీరువాలో అలాగే ఉంటే తెచ్చాను. మైకు నాదే కాబట్టి "పదిహేను వందలు" అన్నాను. పదహారు శాలువాల కింద ఆ పిల్ల చెమటతో తడిసి, ముఖం మాత్రమే కనిపిస్తూ నిలబడింది. చందా డబ్బాలో పడినదాంట్లో ఫ్లెక్సీకి, కుర్చీలకు, మైకుకు, మేం తిన్న టిఫిన్‌కు పోగా పదకొండు వందలు మిగిలాయి.

శుక్రవారం పొద్దున తల్లి మూటతో మా ఇంటికి వచ్చింది.

"సారూ, కోపం జేస్కోకుండ్రి. గివి బట్టల దుకాణం కాడికి తీస్కపోయిన. మీరు మైకుల చెప్పిన ధరలు చెప్తే నవ్విండు. అన్నిటికి కలిపి తొమ్మిది వందలిస్తా అన్నడు. రేపే గదా ఆఖరు రోజు. మీరే వాపస్ తీస్కొని ఎంతో గంత ఇయ్యుండ్రి."

ఆమె మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, నాకూ కోపం తెచ్చుకునే వీలుండేది. తలుపు దగ్గర నిలబడి విన్న మా ఆవిడ అడిగింది:

"మైకుల మనది ఎంతన్నరు?"

"పదిహేను వందలు."

"అయితే తీయుండ్రి."

తీశాను. మూట స్కూటర్ మీద పెట్టుకుని ముందుగా ఎరువుల దుకాణానికి పోయాను. యూరియా కోసం వచ్చిన ఎల్దుర్తి రైతులు నలుగురైదుగురు ఉన్నారు.

"అన్నా, నీ పన్నెండు వందల శాలువా. వాపస్ తీస్కొని పైసలిస్తె పిల్ల ఫీజుకైతది."

"అరె, అది మైకుల మాటనే!" అన్నాడు గొంతు తగ్గించి.

"ఊరంత ఇన్నదన్నా."

రైతులు మా వైపు తిరిగారు. అధ్యక్షుడు గల్లాపెట్టె తెరిచాడు. ఆ రోజంతా ఇంటింటికీ ఇదే తంతు. తన శాలువా మూడు వందలదేనని ఒప్పుకునే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. సాయంత్రానికి ఫీజు పోను బూట్లకు కూడా మిగిలింది. శనివారం తల్లీకూతుళ్ళు పోయి కట్టి వచ్చారు.

సోమవారం బస్టాండ్‌కు అందరం వెళ్ళాం. "మెడల్ కొట్టాలె బిడ్డా", "మెదక్ పేరు నిలబెట్టాలె" అని ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే ఆ పిల్ల అందరికీ తల ఊపింది. బస్సు కదిలిపోయాక తల్లి నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది:

"సారూ, కాలుకు దెబ్బనో ఏమో తాకి, అది గెల్వకపోతే గూడ సదువుకోనిస్తరా?"

'కాలేజీవాళ్ళు ఎందుకు వద్దంటారమ్మా' అనబోయి ఆగిపోయాను. ఆమె అడిగింది కాలేజీ గురించి కాదు, మా గురించి. అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. ఇంత హడావుడి చేసిన పదహారు మందిలో ఆ పిల్ల ఏం చదవబోతోందో ఒక్కరమూ అడగలేదు. చాలా సిగ్గేసింది.

"ఏం కోర్సు తీస్కున్నదమ్మా?"

"లెక్కలు సారూ. టీచర్ అయితదట. ఉర్కుడు ఒడిసినంక గూడ బత్కాలె గదమ్మా అన్నది."

"గెలిచినా, గెల్వకున్నా మూడేండ్లు సదివిస్తం," అన్నాను. అన్నాక భయమేసింది. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.