మా మేస్త్రిగారి సీరియళ్ళ ఛానల్

మా మేస్త్రిగారు పోయి ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని చిలకలపూడిలో మా షెడ్డుకి వెళ్ళాను. తలుపుకి గొళ్ళెం వేసి ఉంది. పాతికేళ్ళలో ఆయన నాకంటే ఆలస్యంగా వచ్చిన రోజు ఒక్కటి లేదు. షెడ్డు వెనకాలే వాళ్ళ ఇల్లు. అమ్మగారు, అంటే ఆయన భార్య, వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి, "మీ మేస్త్రి ఇంకా లేవలేదయ్యా" అన్నారు. ఆ అన్న తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది. చేతిలో క్యారేజీ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

నేను ఏడో తరగతి వరకూ చదివినవాణ్ణి. ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. "మాట్లాడినట్టే రాయి నాన్నా, నేను చూసి పెడతాను" అని మా అమ్మాయి అంటే ధైర్యం చేశాను. రాయకపోతే ఈ బరువు దిగేలా లేదు.

మా బందరులో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. మేస్త్రిగారి షెడ్డులో మేము ఎనిమిది మందిమి. నాది రాళ్ళు అతికించే పని. కొత్త డిజైన్లు తీయడం మాత్రం మేస్త్రిగారిదే. ఆ డిజైన్లు ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చేవో చెబితే మీరు నవ్వుతారు. టీవీలోంచి వచ్చేవి.

అప్పట్లో ఒక ఛానల్ ఉండేది. పొద్దున్నుంచి పడుకునేదాకా సీరియళ్ళే. అవీ కొత్తవి కావు. ఎప్పుడో అయిపోయిన పాత సీరియళ్ళని మొదటినుంచి మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. మిగతా షెడ్లవాళ్ళు కొత్త సీరియళ్ళు చూసి నగలు చేస్తుంటే, ఈయన ఆ పాత ఛానల్ పట్టుకున్నారు. "కొత్తది అందరూ చేస్తారబ్బాయ్. పాత కోడలి నగ అడిగే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళకి మనం తప్ప ఎవరున్నారు?" అనేవారు. నాకు అరవై దాటినా ఆయనకి నేను అబ్బాయినే.

షెడ్డులో అటక కింద టీవీ. దాని కింద గోడకి ఒక మేకు. ఆ మేకుకి నల్లదారం కట్టిన ఆయన కళ్ళజోడు. పొద్దున రాగానే జోడు తీసి పెట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, రూళ్ళు లేని నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకునేవారు. కథ ఆయనకి అక్కర్లేదు. ఎవరు ఎవరికి విషం పెట్టారో, ఎవరు మెట్లమీంచి పడ్డారో పట్టించుకునేవారు కాదు. మెడలు, చెవులు, చేతులు. అంతే. ఒకరోజు మహా దిగులుగా కూర్చుంటే ఏమైందండీ అన్నాను.

"ఆ పిల్ల మొగుణ్ణి చంపేశారయ్యా. ఇంక నాలుగు నెలలదాకా ఆ మెడ మనకి పనికిరాదు."

షెడ్డంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

సీరియల్లో ఏదైనా ఘోరం జరిగితే ఒక్కొక్కరి ముఖం మూడుసార్లు చూపిస్తారు కదా, డాం డాం అని. మనందరం తిట్టుకుంటాం. ఆయన చేతులెత్తి దండం పెట్టేవారు. "పాపం ఆ డైరెక్టరు మనకోసమేనయ్యా మూడుసార్లు చూపిస్తున్నాడు" అని గబగబా గీసేవారు. కానీ ఒకటే బాధ. ముఖం దగ్గరగా చూపిస్తే హారం పైభాగమే కనపడేది. అసలైన పతకం తెర కిందికి పోయేది. అప్పుడు మేస్త్రిగారు పీట మీంచి సగం లేచి, చెయ్యి కిందికి ఊపుతూ, "కాస్త కిందికి దించవయ్యా!" అని కెమెరా అతన్ని బతిమాలేవారు. రోజుకి పదిసార్లైనా ఆ కేక వినేవాళ్ళం. వాళ్ళు దించలేదు. మిగిలింది ఈయనే ఊహించి వేసుకునేవారు. "కనపడని సగం మనం వేసుకోవాలబ్బాయ్, అదే పనితనం" అనేవారు.

మా నగల పేర్లన్నీ అలా వచ్చినవే. చిన్నకోడలు హారం, ఆడపడుచు జుంకాలు, అత్తగారి వంకీ. గుడివాడ నుంచి షావుకారు ఫోన్ చేసి, "మేస్త్రిగారూ, సవతి గాజులు ఇంకో నాలుగు డజన్లు పంపండి" అంటే పక్కన విన్నవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి. పెళ్ళైన పద్నాలుగేళ్ళకి పుట్టింది మాకు. ఒక్కతే. అది పుట్టిన రోజు నేను బందరులో కనపడ్డవాళ్ళందరికీ లడ్డూలు పంచాను, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా. అలాంటి పిల్ల ఇంటర్ రెండుసార్లు తప్పింది. గదిలో కూర్చుంది. పిలిస్తే పలకదు. పెట్టింది తినదు. వాళ్ళమ్మ తలుపు బయట కూర్చుని ఏడ్చేది. ఆ మూడు నెలలు నేను అతికించే రాళ్ళు వంకర పడేవి. ఆయన వాటిని చూసి పక్కన పెట్టేవారు.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఓదారుస్తారనుకున్నాను. గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నాకు కళ్ళలో పొర వచ్చింది. టీవీ మసగ్గా ఉంటోంది. నీ కళ్ళు బాగున్నాయి కదా. నువ్వు చూసి గీసిపెట్టు" అన్నారు.

"నాకు రాదు తాతయ్యా."

"నాకు మాత్రం వచ్చేంటే? అలా గీకుతుంటే వాళ్ళే కొంటున్నారు. రేపు పొద్దున రా. నీకో పీట వేయిస్తా."

మర్నాడు నాతో పాటు వచ్చింది. వారం తిరిగేసరికి "తాతయ్యా, ఆ పక్కనున్న ముసలావిడ చెవులు చూడు" అంటోంది. నా పిల్ల గొంతు విని ఆ రోజు నేను రాళ్ళు తెచ్చే వంకన బయటికి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

కానీ దాని వేళావిశేషం ఏమిటో గానీ, సరిగ్గా అప్పటినుంచే ఆ ఛానల్ మారడం మొదలైంది. మొదట పొద్దుటి సీరియల్ తీసేసి రంగురాళ్ళ స్వామిని పెట్టారు. మేస్త్రిగారు అదీ చూశారు. "ఎనిమిది వేళ్ళకి ఉంగరాలున్నాయిలే, పరవాలేదు" అన్నారు. తరవాత వంటలు వచ్చాయి. గాజులు మిగిలాయి. ఆ తరవాత నవ్వుల ప్రోగ్రాములు. అందులో మగాళ్ళు ఆడవేషాలు వేసుకుని వస్తే, వాళ్ళ మెడలో ఉన్నవి మేము చేసినవే! చివరికి కోట్లు వేసుకున్న నలుగురు కూర్చుని అరుచుకోవడం. "నలుగురున్నారు, ఒక్క మెడలో గొలుసు లేదు" అని ఆయన తల పట్టుకున్నారు. తెర కింద ఒక నంబరు వస్తుంటే ఫోన్ చేయించారు. ఎవరో అమ్మాయి ఎత్తింది. కాసేపు విని పెట్టేశారు.

"సీరియళ్ళు ఎప్పుడొస్తాయమ్మా అంటే నా నక్షత్రం చెప్పమంటుందేంటయ్యా!"

మధ్యాహ్నం రెండింటికి ఒక్క సీరియల్ మిగిలింది. అదీ ఒకనాడు చెప్పా పెట్టకుండా ఆగిపోయింది, పెళ్ళిపీటల మీద. ఆ పెళ్ళి ఏమైందో ఎవరికీ తెలియదు. అయినా మేస్త్రిగారు ఛానల్ మార్చనివ్వలేదు. "ఇన్నాళ్ళు అన్నం పెట్టింది. మళ్ళీ వేస్తారులే" అనేవారు. టీవీ ఆడుతూనే ఉండేది. నోటుపుస్తకంలో పేజీలు తెల్లగా ఉండిపోయాయి. ఇద్దరు పనివాళ్ళు మానుకునే ఆలోచనలో ఉన్నారు. నాకు వేరే భయం. గీసేది లేకపోతే నా పిల్ల మళ్ళీ ఆ గదిలోకి పోతుందేమోనని.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మా వైపు పిచ్చుకల కోసం వసారాలో వరికంకులు కుచ్చుగా కట్టి వేలాడదీస్తారు, చూసే ఉంటారు. అలాంటి హారం. గొలుసంతా వడ్లగింజలు, కింద పతకం ఉండాల్సిన చోట కుచ్చు.

"ఏ సీరియల్లోదే ఇది?"

"మధ్యాహ్నం వచ్చేదాంట్లోది తాతయ్యా. అత్తగారి చెల్లెలిది. నాకు గుర్తుంది."

అబద్ధమని నాకు తెలుసు. ఆ సీరియల్లో అత్తగారికి చెల్లెలే లేదు. సీరియల్లోది కాకపోతే ఎవరూ కొనరని పిల్ల భయం. ఆయన కాగితం కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు.

"కెమెరా అతను మంచివాడే. కిందిదాకా చూపించాడు" అన్నారు.

అంతే అన్నారు. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు నన్ను ఆపి, "అబ్బాయ్, ఇన్నేళ్ళలో టీవీ నాకు ఒక్క హారం కూడా కొసదాకా చూపించలేదు. ఇది ఆఖరి గింజదాకా ఉంది. ఎవరు గీశారో నాకు తెలియదా?" అన్నారు. నేను కాళ్ళమీద పడబోతే, "ఛీ లే, బట్టలు మాసిపోతాయి" అని కసిరారు. నేను ఆయనకి చెప్పుకోబోయిన కృతజ్ఞత అదొక్కటే. అదీ పూర్తి కానివ్వలేదు.

గుడివాడ షావుకారు వచ్చి ఆ హారం పట్టుకుని, "బాగుందండీ. ఏ కోడలిది?" అన్నాడు. అమ్మాయి తలొంచుకుంది. మేస్త్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కోడలిది కాదండి. ఇదుగో, ఈ అమ్మాయి హారం. ఆ పేరుతోనే అమ్మండి" అన్నారు. షెడ్డులో మొదటిసారి ఒక నగకి బతికున్న మనిషి పేరు వచ్చింది. అది నా కూతురిది. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో మాటల్లో పెట్టలేను. ఇంటికి వెళ్తూ దారిలో గేదెకి కూడా చెప్పాను.

ఆ తరవాత రెండేళ్ళు డిజైన్లన్నీ మా అమ్మాయివే. మేస్త్రిగారు పీట మీద కూర్చుని, కళ్ళకి సరిగ్గా ఆనని ఆ ఛానల్నే చూస్తూ, అది గీసిన ప్రతి కాగితాన్నీ వేలితో కింద కొసదాకా తడిమేవారు. కంటి ఆపరేషన్ ఈ సీజన్ అయ్యాక చేయించుకుంటానన్నారు. సీజన్ ఇంకా అవలేదు.

ఆయన పోయిన పదహారో రోజున షెడ్డు తెరిచాం. ఆ మధ్యాహ్నం గుడివాడ షావుకారు ఫోన్. హైదరాబాదులో సీరియళ్ళకి నగలు అద్దెకిచ్చేవాళ్ళు ఆయన దగ్గర కొన్నారట. మా అమ్మాయి వరికంకుల హారం ఇప్పుడు ఒక పెద్ద సీరియల్లో పెద్దకోడలు మెడలో ఉందట. నిన్న సాయంత్రం వచ్చింది, రేపు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు, చూడండి అన్నాడు. నేను వీధిలో నిలబడి ఎగిరాను, ఈ వయసులో. పరుగెత్తుకుంటూ షెడ్డులోకి వచ్చి, "మేస్త్రిగారూ!" అని కేక పెట్టాను.

పనిచేస్తున్న తలలన్నీ లేచాయి. పీట ఖాళీగా ఉంది.

మర్నాడు అందరం టీవీ ముందు కూర్చున్నాం. అమ్మగారు కూడా వచ్చి చివర్న కూర్చున్నారు. ఆవిడ ఆ షెడ్డులో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఛానల్ మార్చడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కోట్లవాళ్ళు అరుచుకుంటూనే ఉన్నారు. చివరికి అమ్మగారే, "మార్చమ్మా, ఆయన ఏమీ అనుకోరు" అంటే అమ్మాయి రిమోట్ నొక్కింది.

పెద్దకోడలు మెట్లు దిగుతూ వచ్చింది. ఎవరో ఏదో అన్నారు. ఆమె ముఖం దగ్గరగా వచ్చింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మెడ దగ్గర వడ్లగింజలు మెరుస్తున్నాయి. కుచ్చు మాత్రం తెర కిందికి పోయింది.

"కాస్త కిందికి దించవయ్యా" అన్నారు అమ్మగారు, మెల్లగా, చెయ్యి ఊపకుండా.

మేమందరం కిందికి చూశాం. టీవీ కింద, సరిగ్గా ఆ కుచ్చు ఉండాల్సిన చోట, మేకుకి నల్లదారంతో ఆయన కళ్ళజోడు వేలాడుతోంది.