ఓడ వస్తుంటే వాక్యం వెతుక్కున్నాను

మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. రెండేళ్ల కిందట కావలిలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాణ్ణి. గ్రామరంటే ఎంత భయమంటే, ప్రతి వాక్యాన్నీ మనసులో రాసుకుని, దిద్దుకుని, ఆ తర్వాతే నోరు తెరిచేవాణ్ణి.

ఒక సెలవు రోజు నాయనతో, మేనమామలిద్దరితో కలిసి చేపల వేటకు వెళ్లాను. తిరిగి వస్తుంటే నడిసముద్రంలో బోటు ఇంజను ఆగిపోయింది. అంతలో వాన పట్టి చుట్టూ తెల్లగా మూసుకుపోయింది. ఆ తెలుపులోంచి కొండంత సరుకుల ఓడ ఒకటి నేరుగా మా మీదికే వస్తోంది.

నాయన వైర్‌లెస్ మైకు నా చేతిలో పెట్టి, "వాళ్లకు తెలుగు రాదు, నువ్వు ఇంగిలీసులో చెప్పబ్బయ్యా!" అని అరిచాడు.

మీట నొక్కాను. ఇంజను ఆగిపోయిందనడానికి ఏ టెన్సు వాడాలి? మొదలుపెట్టిన వాక్యాన్ని మనసులోనే కొట్టేశాను. మళ్లీ మొదలుపెట్టాను. ఓడ ముందు నీళ్లు చీలుతున్న చప్పుడు వినిపిస్తోంది. మూడోసారి మొదటి మాట మార్చుకున్నాను.

నాయన మైకు లాక్కున్నాడు. "సార్! బోటు! ఇంజన్ నో! నలుగురం ఉండాం సార్! ఫోర్ మెన్! స్టాప్, స్టాప్!"

ఓడ హారన్ మోగింది. దాని ముక్కు మెల్లగా పక్కకు తిరిగింది. అది దాటిపోతూ లేపిన అలకు నలుగురం బోటులోనే బోర్లా పడ్డాం.

నాయన లేచి కూర్చుని, తల తుడుచుకుంటూ, "తప్పులేమన్నా మాట్లాడినానా అబ్బయ్యా?" అని సిగ్గుపడుతూ అడిగాడు.

ఇప్పటికీ గ్రామరు చదువుతూనే ఉన్నాను. కానీ తప్పు వస్తుందేమోనని నోరు ఆగినప్పుడల్లా ఆ నీళ్ల చప్పుడు చెవుల్లో మోగుతుంది. వెంటనే ఏదో ఒకటి మాట్లాడేస్తాను.