తలుపు వెనక పెట్టిన చీపురు

రత్నకుమారి గారు మా పై అంతస్తులో ఉండే గీతిక వాళ్ల అమ్మ. కూతురికి పురుడు పోయడానికి 2020 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుబడిపోయారు. కొవ్వూరులో ఆడపిల్లల హాస్టల్‌కి ఇరవై ఏడేళ్లు వార్డెన్‌గా చేశారు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ వచ్చాక మా మెట్ల దగ్గర ఒక్క చెప్పు వంకరగా ఉంటే ఒట్టు.

సాయంత్రాలు మాస్కులు పెట్టుకుని పెరటి బెంచీకి చెరో కొసన కూర్చునేవాళ్లం. ఆవిడ చెప్పేవారు, నేను వినేదాన్ని. అక్టోబరు మొదట్లో, తిరుగు విమానంలో సీటు ఖాయమైన వారం, నాలుగు రోజులు కిందికే రాలేదు. ఐదో రోజు వచ్చి, నేలకేసి చూస్తూ చెప్పుకొచ్చారు.

వెళ్లిపోయేలోగా ఒక్క ఊరైనా చూపించాలని ఆదివారం అల్లుడు అఖిలేష్ అందరినీ కారెక్కించాడట. ద్రాక్షతోటల మధ్య, కొండ కొమ్మున, చుట్టూ రాతిగోడ ఉన్న ఊరు. ఆరువందల ఏళ్ల నాటిదట ఆ గోడ. బండ రాళ్ల సందులో పిల్లాణ్ణి ఎత్తుకుని ఎక్కేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. ద్రాక్ష పండించే ఎల్ఫ్రీడె అనే పెద్దావిడ తన ఇంటి వాకిట్లోనే నాలుగు బల్లలు దూరం దూరంగా వేసి, తన వైను, ఉల్లిపాయల రొట్టె పెడుతోంది. పేర్లూ ఫోన్ నంబర్లూ కాగితం మీద రాయించుకుని కూర్చోబెట్టింది. వీళ్లే మొదటివాళ్లు. అడక్కుండానే పాలసీసాకి వేణ్నీళ్లు తెచ్చిచ్చింది. వసంతంలో తెరవనివ్వలేదనీ, మళ్లీ తెరవడం ఆవేళేననీ గీతికతో చెప్పింది.

"అంత మంచి మనిషి, తెరిచిన మొదటి రోజు," అన్నారు రత్నకుమారి గారు. "గేటు పక్కన మేకుకి చూస్తే చీపురు. వచ్చేవాళ్ల మొహానికి ఎదురుగా. పని హడావిడిలో మర్చిపోయిందనుకున్నాను. ఎవరూ చూడకుండా తీసి, మనింట్లో పెట్టినట్టే గేటు తలుపు వెనక మూలకి పడుకోబెట్టాను. మేలు చేశాననే అనుకున్నానమ్మా."

ఆ తర్వాత ఒక్కరూ లోపలికి రాలేదు. గేటు దాకా వస్తున్నారు, చూస్తున్నారు, వెనక్కి తిరుగుతున్నారు. జబ్బు భయం కాబోలనుకున్నారు ఈవిడ. ఎల్ఫ్రీడె తుడిచిన బల్లే మళ్లీ తుడుస్తోంది. రెండు గంటలు గడిచాక బయటికెళ్లి చూసి ఒక్క కేక పెట్టింది. ఎదురింటాయనతో ఎప్పటినుంచో ట్రాక్టరు తగాదా ఉందట. నేరుగా వెళ్లి ఆయన తలుపు బాదింది. ముసలాయన మాస్కు వెతుక్కుంటూ బయటికొచ్చి, ఏమీ అర్థంకాక నిలబడ్డాడు. సందంతా వింటుండగా దొంగ అంది.

ఏమిటే గొడవ అని ఈవిడ అడిగితే గీతిక చెప్పింది. ఆ ప్రాంతంలో ఇంటి ముందు చీపురు వేలాడితే వైను పోస్తున్నామని గుర్తట. తీసేస్తే మూసేశారని అర్థమట. ఏడాదికి నాలుగు నెలలే తెరవడానికి వీలట.

"నేనే తీశానే అన్నాను దాంతో. దాని మొహం పాలిపోయింది. ఊరుకో అమ్మా, ఇప్పుడు చెబితే మన మీద కూడా అలాగే అరుస్తుంది, లే అంది. లేచాను. లేచానమ్మాయ్, అదీ నేను. నా హాస్టల్లో కూర గిన్నె ఒలకబోసి చెప్పని పిల్లని ఎండలో నిలబెట్టినదాన్ని."

వచ్చేస్తుంటే ఎల్ఫ్రీడె కళ్లు తుడుచుకుని, ఎలాగూ మిగిలిపోతుందని సగం పళ్లెం రొట్టె కాగితంలో చుట్టి ఈవిడ చేతిలోనే పెట్టింది. గేటు దాటుతుంటే తలుపు వెనక చీపురు కనిపిస్తూనే ఉంది. వేలెత్తి చూపించినా సరిపోయేది. తల వంచుకుని దిగి వచ్చేశారు.

అంతా చెప్పి, అప్పుడు తలెత్తి నాతో అన్నారు. "నువ్వు జర్మను పుస్తకాలు చూసి నీ అంతట నువ్వే నేర్చుకున్నావటగా. తప్పులున్నా ఫర్వాలేదు, ఆవిడకో ఉత్తరం రాసిపెట్టు."

రాత్రికి రాసి, మర్నాడు తెలుగులో చదివి వినిపించాను. చెయ్యి తగిలి చీపురు పడిపోయిందనీ, తెలియక మూలన పెట్టారనీ రాశాను. రత్నకుమారి గారి మీద జాలితోనే అలా రాశాను.

"తగిలి పడిందా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎలా రాసినా అర్థం అదే కదా పిన్నిగారూ."

"అదెలా అవుతుంది? ఆవిడ ఆ ముసలాయన గుమ్మంలోకి వెళ్లి, దొంగ అన్నందుకు ఏమని చెప్పుకోవాలి, గాలికి పడిందనా? నేనే తీశాను. దాచాను. తెలిశాక కూడా నోరు మూసుకుని వచ్చేశాను. మూడూ రాయి."

మూడూ రాశాను. మూడోది రాస్తుంటే నా చెవులు వేడెక్కాయి. కింద ఆవిడ తెలుగులో సంతకం చేసి, ఫోన్ నంబరు కూడా వెయ్యమన్నారు. మీరు ఎల్లుండి వెళ్లిపోతారు, వేస్తే గీతిక నంబరే వెయ్యాలి, అది మిమ్మల్ని తిడుతుంది అన్నాను.

"తిట్టనీ," అన్నారు. "వెయ్యి."