పక్క సూది మీది తోక

ఆ పురుగుల మ్యూజియంలో ఆవిడని అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అందరికీ జిగురక్కే. ముప్పై ఏళ్ళుగా ఎండిన పురుగుల్ని చిన్న అట్టముక్కలకు అతికించి, సూదులకు గుచ్చి, డ్రాయర్లలో సర్దడం ఆవిడ పని. ఊడిన కాలు ఆవిడ పెట్టిందంటే, ఆ పురుగుని కన్నతల్లి వచ్చినా అతుకు పట్టలేదు. ఇంట్లో మాత్రం గ్లాసు పగలని వారం లేదని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఆ పనిలో తప్పకూడని నియమం ఒకటుంది. రాలిన ముక్క ఎవరిదో తెలియకపోతే అతికించకూడదు. పొట్లంలో వేసి 'ఎవరిదో తెలియదు' అని రాయాలి. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ మాట నూరిపోసింది జిగురక్కే.

పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బిగుసుకుపోయిన డ్రాయరు ఒకటి విసురుగా లాగింది. అందులో పటకారు పురుగులున్నాయి, తోక చివర చిన్న పటకారుంటుందే, అవి. పక్కపక్క సూదుల మీదున్న రెండు నడుము దగ్గర విరిగి తోకలు రాలాయి. అప్పటిదాకా ఆవిడ చేతిలో ఒక్క పురుగూ విరగలేదు. తల కొట్టేసినట్టయింది. గదిలో ఎవరూ లేరు. రంగు చూసి, అంచనాగా రెండూ అతికించేసి డ్రాయరు మూసింది.

ఇన్నాళ్ళకి అది పీకల మీదికొచ్చింది.

"అక్కా, ఒకసారి ఇలా రా!" అని డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. వైద్యం డాక్టరు కాదు, పటకారు పురుగుల్లో ఏది ఏ జాతిదో తేల్చడానికి వచ్చిన పురుగుల డాక్టరు. "పాదంలో రెండో కణుపు చూడు, ఎంత వెడల్పుగా ఉందో. మీసాలకు పన్నెండే కణుపులు. అంతా ఒక కుటుంబం లక్షణాలు. పటకారు చూస్తే పూర్తిగా ఇంకో కుటుంబానిది, లోపలివైపు పన్నుతో సహా. ఇలాంటిది ఎవరూ చూళ్ళేదక్కా!"

ఎలా చూస్తారు? మోకాలికీ బోడిగుండుకీ ముడేసింది జిగురక్కే కదా.

"కొత్త జాతి! నీ పేరే పెడుతున్నాను. రేపే వ్యాసం పంపేస్తా."

ఆ సాయంత్రం ఆవిడకి ముద్ద దిగలేదు. చెబితే పోయేది ఈ పురుగొక్కటే కాదు. ఒక్క అతుకు అబద్ధమంటే గోడనిండా ఉన్న నలభై డ్రాయర్లనీ ఇంక ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే, ఇవాళ కాకపోతే రేపు ఎవడో పక్క సూది కూడా చూసి తోకలు మారాయని పట్టేస్తాడు, ఆ డాక్టరు పిల్ల పరువు గంగలో కలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"చచ్చిన పురుగు కోసం ఇంత ఏడుపేమిటే, వదిలెయ్," అన్నాడు మొగుడు. ఆవిడ కంచం తోసేసి లేచిపోయింది.

పొద్దున్నే వెళ్ళి గిన్నెలో నీళ్ళు వెచ్చబెట్టింది. డాక్టరమ్మ రాగానే రెండు సూదుల మీది పురుగుల్నీ తీసి నీళ్ళలో వేసేసింది.

"అయ్యో అక్కా! ఏం చేస్తున్నావ్?"

"చూడండమ్మా. ఒక్క నిమిషం ఆగి చూడండి."

జిగురు కరిగింది. రెండు తోకలూ విడిపోయి పైకి తేలాయి. జిగురక్క ఏడుస్తూ జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరమ్మ తోకలు అటుదిటు, ఇటుదటు మార్చి చూసింది. విరిగిన అంచులు సరిగ్గా కలిశాయి. రెండూ ఏ కుండీ కింద చూసినా దొరికే మామూలు పురుగులే. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

"ఇంకెన్ని ఉన్నాయక్కా ఇలాంటివి?"

"ఇదొక్కటేనమ్మా. ఒట్టు."

అది నిజం. కానీ కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా తనతో ఇదే మాటంటే తను నమ్మేది కాదని జిగురక్కకి తెలుసు. డాక్టరమ్మ డ్రాయర్ల గోడ వైపే చూస్తూ కూర్చుంది.

జిగురక్క చల్లారిన నీళ్ళు పారబోసి, మళ్ళీ గిన్నె స్టవ్వు మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని మొదటి డ్రాయరు మెల్లిగా బయటికి లాగింది.