ఆమె నాడి నెమ్మదించిన రోజు

పోలీసు చర్య తర్వాత వచ్చిన చలికాలంలో నేను నగరంలో ఒక దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా వార్డుకు కొత్తగా ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది. రోగులకు పెట్టే ముందు డాక్టరుగారు వార్డులో పనిచేసే మా ఆడా మగా అందరినీ కూర్చోబెట్టి, ముఖానికి మాస్కు కట్టి, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టారు. ఏ జబ్బూ లేని మాకు కూడా కాసేపటికి నాడి కొంచెం నెమ్మదించింది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ తేడా ఉంటుందా అని అడిగాను. "ఇంత కొద్దిమందిని చూసి చెప్పలేం" అన్నారు.

ఆ నెలలోనే మియాపూర్ రైతు ఒకాయన భార్యను ఎడ్లబండిలో తీసుకొచ్చాడు. నిమోనియా. పెదవులు నీలంగా ఉన్నాయి, నాడి లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. ఇంటి దగ్గర అత్తగారు ఒక్కతే ఉందంటూనే, రెండు రోజులు ఆయన వరండా వదిలి కదల్లేదు.

ఉన్న ఒక్క సిలిండరూ వేరే రోగి దగ్గర ఉండటంతో, మూడోనాటి ఉదయం గానీ ఆమెకు ఆక్సిజన్ పెట్టలేకపోయాం. గంటలో నాడి వేగం తగ్గింది, పెదవులకు రంగు వచ్చింది. నేను వరండాలోకి పరుగెత్తాను.

"తగ్గుతున్నదన్నా! నాడి నెమ్మదించింది."

"నిజంగనా అమ్మా? ఇగ ఫికర్ లేదా?"

"లేదు. ఇంటికి పోయి మీ అత్తమ్మకు చెప్పు. జర అన్నం తిని రా."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

కాసేపటికి వచ్చిన డాక్టరుగారికి, తగ్గుతోందని ఆమె భర్తను ఇంటికి పంపానని చెప్పాను. ఆయన ఆమె ఛాతీ పరీక్షించి నా వైపు తిరిగారు. "తగ్గుతోందని ఎవరు చెప్పారు? నాడి నెమ్మదించింది ఆక్సిజన్ వల్ల. ఊపిరితిత్తులు అలాగే ఉన్నాయి."

మళ్ళీ వరండాలోకి పరుగెత్తాను. ఆ రైతును వెనక్కి పిలిపిద్దామంటే అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె మాస్కు పక్కకు జరుపుకుని, "ఏడున్నడు?" అంది.

"వస్తున్నడు" అన్నాను. మళ్ళీ ఆమె మాట్లాడలేదు. మూడింటికి పోయింది.

పొద్దు వాలేవేళకు ఆయన అత్తగారితో వచ్చాడు. ఆ పెద్దావిడ కూతురి కోసం కొంగులో జొన్నరొట్టె కట్టుకొచ్చింది. ముఖం మీద కప్పిన దుప్పటి చూసి ఆయన గోడకు ఆనుకున్నాడు.

"తగ్గిందంటివి గదమ్మా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

అప్పుడే చెప్పాల్సింది, నేను పొరపాటు పడ్డానని. చెప్పలేదు. ఉన్నట్టుండి జబ్బు ముదిరిందని ఆయన అనుకుంటే, అనుకోనిచ్చాను.

తర్వాత ఒక సెలవు రోజున ఆయన్ను కలిసి నిజం చెప్పాలని మియాపూర్ బస్సెక్కాను. దారి మధ్యలో మూసాపేట దగ్గరే దిగిపోయి, నడుచుకుంటూ వెనక్కి వచ్చేశాను.