బండిలో ఆగమ్మ గొంతు

మా ఆగమ్మ చిన్నమ్మ ఏ పార్టీ మనిషీ కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మొన్నటి ఎన్నికల నుంచి ఆమెను చూసి ముఖం తిప్పుకునేవాళ్లు మా ఊళ్లో ఎక్కువయ్యారు. నిజానికి తిప్పుకోవలసింది నన్ను చూసి. మా ఊళ్లో తెలుగు చదవగలిగినవాళ్లు నలుగురు కూడా లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నా ధైర్యం ఎప్పుడూ ఇంతే.

మరాఠీ గడ్డ మీద, లక్కడ్‌కోట్ దాటాక వాగు అవతల మా ఊరు. అరవై గడపలు, అన్నీ తెలుగు ఇళ్లే, తాతల కాలం నుంచి పత్తీ కందీ నమ్ముకున్నవాళ్లం. అంగట్లో బేరమాడేంత మరాఠీ అందరికీ వచ్చు. నాయకులు వచ్చి గంటసేపు దంచే ఉపన్యాసం అర్థమయ్యేంత రాదు. పెద్దవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, అసలే రాదు. చిన్నమ్మ పుట్టిల్లు గోండ్‌పిప్రి. అక్కడ ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివి, మా బాబాయి పోచన్నను చేసుకుని వచ్చింది. ఇక ఆఫీసరు వచ్చినా, ఆమ్దార్, అంటే ఎమ్మెల్యే, వచ్చినా, "ఆగమ్మను పిలువుండ్రి" అనడమే.

పిలిస్తే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, కొంగు నడుముకు దోపి వచ్చి నిలబడేది. నాయకుడు పది మాటలంటే రెండు మాటల్లో తేల్చేది. "తనను తాను పొగుడుకున్నది ఇడిసిపెట్టిన. పనికొచ్చేది గింతే" అనేది. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. తన మాటలకే నవ్వుతున్నారనుకుని ఆ పెద్దమనిషి మురిసిపోయేవాడు.

మా వాళ్లు ఒక తప్పు చేశారు. మరాఠీలో వచ్చింది నాయకుడి మాట, తెలుగులో వచ్చింది ఆగమ్మ మాట అనుకున్నారు. నాయకుడి మాట ఎవడు నమ్ముతాడు? ఆగమ్మ మాట అందరూ నమ్మారు.

ఐదేళ్ల కిందటి ఎన్నికల్లో ఆమ్దార్ పదవికి నిలబడ్డ అనంతరావు మా ఊరికి వచ్చాడు. వానాకాలం వాగు పొంగితే మాకు దారి ఉండదు. వంతెన కట్టిస్తానన్నాడు. కానీ వంతెన దిగే చోట దుర్గమ్మ చేను ఉంది. దుర్గమ్మ భర్త పోయిన మనిషి, ఆమెకున్నది ఆ రెండెకరాల నల్లరేగడే. చిన్నమ్మకు ఆమె పక్కింటి అక్క. కలుపుకు పోయినా, అంగడికి పోయినా, ముప్పై ఏళ్లుగా ఇద్దరూ జతే. "సచ్చినా ఇయ్య" అని ఆమె అంతకు ముందే చెప్పేసింది.

ఆ రోజు మైకు సెట్టు నాదే. నేను రాజురాలో పెళ్లిళ్లకూ సభలకూ మైకులు కిరాయికిస్తాను. అనంతరావు మరాఠీలో, పోయిన చేనుకు బదులు చేను ఇప్పిస్తానని మూడుసార్లు అన్నాడు. నా చెవులతో విన్నాను. చిన్నమ్మ జనాన్ని చూడలేదు. దుర్గమ్మనే చూస్తూ చెప్పింది.

"దుర్గక్కా, బుగులు పడకు. వచ్చే వానలకు వంతెన మీదికెల్లి నడుస్తం. నీ చేనుకు బదులు చేను ఇప్పిస్తరు. నా మాట నమ్ము."

చివరి మాట అనంతరావుది కాదు. అది చిన్నమ్మ సొంతంగా వేసింది. ఆ మాటకే దుర్గమ్మ మర్నాడు చేను ఇస్తానన్న కాగితం మీద వేలిముద్ర వేసింది.

అదంతా నేను రికార్డు చేశాను. చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో బండి మీద వేసుకుంటామని అనంతరావు మనుషులు అడిగితే, మరాఠీ ముక్కలన్నీ కోసేసి, చిన్నమ్మ గొంతు మాత్రం ఉంచి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. మా చిన్నమ్మ గొంతు పది ఊళ్లలో మోగుతుందని మహా గొప్పగా అనిపించింది. నా తెలివి తగలెయ్య!

అనంతరావు గెలిచాడు. యంత్రాలు వచ్చాయి. దుర్గమ్మ చేను మధ్యలో గుంతలు తవ్వారు, మిగిలిన చోట కంకర గుట్టలు పోశారు, గట్టు మీద పేర్లు చెక్కిన రాయి పాతారు. పని సాగుతుండగానే ముంబైలో ప్రభుత్వం మారింది. మేమెవరమూ ఓటు వేయలేదు, మమ్మల్నెవరూ అడగలేదు, అయినా మారింది. ఆ ఐదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులను చూశాం. కొత్తవాళ్లు రాగానే పాతవాళ్లు మొదలుపెట్టిన పనులన్నిటికీ 'స్థగితి' అన్నారు. అంటే ఎక్కడి పని అక్కడే ఆపెయ్యమని. ఇనుప చువ్వలు గుంతల్లోనే తుప్పు పట్టాయి. ఆరు నెలలకు అనంతరావు కూడా జెండా మార్చి కొత్తవాళ్లలో కలిశాడు. ఇప్పుడైనా పని కదులుతుందేమోనని నేనూ చిన్నమ్మా వెళ్లి అడిగాం.

"అది పాత ప్రభుత్వం పని కదా, తాయి" అన్నాడు. వాళ్ల భాషలో తాయి అంటే అక్క.

"మరి దుర్గమ్మకు బదులు చేను?"

"ఆ మాట నేనెక్కడన్నాను? ఏ కాగితంలో ఉంది? నువ్వే అని ఉంటావు."

చిన్నమ్మ నా వైపు చూసింది. "అంజన్నా, నీ తాన రికాడున్నది గద, ఇనిపియ్యి" అంది. నా దగ్గరేముంది? ఆయన గొంతును నేనే కోసి పారేశాను. ఆ సభ మొత్తంలో మిగిలింది చిన్నమ్మ మాట ఒక్కటే.

దుర్గమ్మ చిన్నమ్మతో రెండేళ్లు మాట్లాడలేదు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో మోకాలెత్తు గోడ. ఈమె వాకిట్లోకి వస్తే ఆమె లోపలికి పోయేది. చిన్నమ్మకు అన్నం సహించలేదు. చివరికి ఒక రోజు బాబాయితో పోట్లాడి, గోడ దగ్గర నిలబడి పిలిచింది.

"అక్కా, మాటిచ్చింది నేను. మా మీది చేను నువ్వు దున్నుకో."

దుర్గమ్మ సాయంత్రం పుంటికూర గిన్నె పట్టుకుని గోడ దాటి వచ్చింది.

"నీ చేను నాకెందుకే, పిచ్చిదానా! ఆ సచ్చినోడు మోసం జేస్తే నువ్వేం జేస్తవు? ఒక్కటే అడుగుత. మల్ల మైకు పట్టకు."

"పట్టనక్కా. నీ మీద ఒట్టు."

ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత మళ్లీ కలిసి పత్తి ఏరడానికి పోయారు. చిన్నమ్మ ముఖం చూసి మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇంతలో ఎన్నికలు రానే వచ్చాయి. అనంతరావు మనుషులు వస్తే చిన్నమ్మ గడప దిగలేదు. ఆయనే వచ్చాడు. చిన్నమ్మ మరాఠీలో ముఖం మీదే చెప్పింది, ఇకపై మీ మాటలకు నా నోరు ఇవ్వనని. దుర్గమ్మ గోడ అవతల నుంచి చూస్తూనే ఉంది. ఆయనకు కోపం రాలేదు. "పర్వాలేదు, తాయి" అని నవ్వుకుంటూ బండెక్కాడు.

మూడో రోజు పొద్దున ప్రచార బండి వచ్చింది. కొత్త జెండా, కొత్త గుర్తు, కొత్త మరాఠీ పాట. దాని మీది సౌండ్ బాక్సులు నావే, ఎన్నికల కిరాయికి ఇచ్చినవి. బిగించడానికి నేనూ వెంట వచ్చాను. పాట ఆగగానే మోగింది.

"దుర్గక్కా, బుగులు పడకు. వచ్చే వానలకు వంతెన మీదికెల్లి నడుస్తం... నా మాట నమ్ము."

వాళ్లలో ఒక్కడికీ తెలుగు రాదు. పాత పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశారు. చిన్నమ్మ పిండి చేతులతోనే ఉరికి వచ్చి బండికి అడ్డం నిలబడింది. ఆపమని మరాఠీలో అరిచింది. డ్రైవర్ సంజయ్ పద్మాపూర్ వైపు కుర్రాడు, మర్యాదస్తుడే, చప్పుడు తగ్గించాడు.

"నాకిచ్చింది ఇదే, తాయి. ఐదు బండ్లలోనూ ఇదే ఉంది. ఇంతకీ ఈ రికార్డులో ఆమె ఏమంటోంది?"

ముప్పై ఏళ్లు అందరి మాటలూ అందరికీ చెప్పిన మనిషి నోరు తెరిచింది. ఒక్క ముక్క బయటికి రాలేదు.

అప్పటికి దుర్గమ్మ వాకిట్లోకి వచ్చింది.

"మైకు పట్టనన్నవు."

"పట్టలేదక్కా. అది పాతది, ఐదేండ్ల కిందిది."

"పాతదైతే కొత్త జెండా బండిల ఎందుకొస్తది? వచ్చే వానలకంటున్నవు, ఇనవడ్తలేదా? నా పేరు పెట్టి, ఊరూరా తిప్పుతున్నవ్!"

నేను అక్కడే ఉన్నాను. ఇచ్చింది నేను, కోసింది నేను, బాక్సులు నావి. ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ బండి మీద అనంతరావు మనిషి కూర్చున్నాడు, సీజనంతా నా కిరాయిలు ఆయన దగ్గరే. వైరు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

దుర్గమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. బండి వెనక వీధికి తిరిగింది. చిన్నమ్మ గోడ దాటి పోయి, పిండి చేతులతో తలుపు తట్టింది.

"అక్కా... నేను గాదక్కా... నా మాట..."

అక్కడే ఆగిపోయింది. మిగిలిన మాట వెనక వీధిలో బండి చెప్పింది, పెద్ద గొంతుతో, ఊరంతా వినిపించేలా. తలుపు తెరుచుకోలేదు.